పంతొమ్మిది బల్లలు

పాలెట్ మేకు అంత తేలిగ్గా ఊడదు. మామూలు మేకులా నున్నగా ఉండదది, ఒళ్ళంతా మెలికలు తిరిగి ఉంటుంది. సుత్తి పెట్టి పీకితే మేకు రాదు, పలక చీలుతుంది. గోదాముల్లో సరుకు కింద వేసే ఆ చెక్క మంచెలను చెడగొట్టకుండా విప్పాలంటే ఓపికైనా ఉండాలి, మొండితనమైనా ఉండాలి. మా వీధిలో ఆ రెండూ ఉన్నది ఒక్కావిడకే. ఆవిడని అందరూ మేకులమ్మ అంటారు.

తీసిన ప్రతి మేకునీ జేబులో వేసుకునేది. భర్త సిటీ బస్సు డ్రైవరు. ఆయన పాత యూనిఫాం చొక్కా తొడుక్కుని పని చేసేది, నడుస్తుంటే ఆ చొక్కా జేబులు గలగలమనేవి. వెక్కిరింతగా పెట్టిన పేరే అది. ఆవిడకీ తెలుసు. "బంగారమ్మ అని పెట్టి అబద్ధమాడలేదుగా, పోనీలే" అనేది.

నాది ఆ పక్కనే వెల్డింగు షాపు. మొదటిసారి వచ్చినప్పుడు విరిగిన గడ్డపలుగు ఒకటి తెచ్చింది. అతికించాలా అని అడిగితే, వద్దు తమ్ముడూ, ఇది దీనికి పనికిరాదు అంటూ సుద్దముక్క తీసుకుని నేల మీద బొమ్మ గీసింది. పొడుగాటి పిడి, చివర రెండు వేళ్ళు, ఆ వేళ్ళ మధ్య ఖాళీ. పాలెట్ పలకని మోసే దిమ్మకి చెరోవైపున రెండు వేళ్ళూ పలక కింద దూరాలి, పిడి నొక్కితే పలక ఒకేసారి రెండు పక్కలా లేవాలి. ఒక పక్కే లేస్తే చీలుతుందని ఆవిడ కనిపెట్టిన సంగతి. లారీ స్ప్రింగు పట్టీ ముక్కతో అది చేసిచ్చాను. మర్నాడు వచ్చి, వేళ్ళ మధ్య ఖాళీ బొటనవేలంత ఎక్కువైంది, తగ్గించమంది. కొలిచి చూస్తే అంతే ఎక్కువ ఉంది. ఆ రోజు నుంచి ఆవిడ నాకు అక్క.

అంతకుముందు పద్నాలుగేళ్ళు ఎగుమతి సరుకు ప్యాకింగులో పని చేసింది. పెట్టె మీద పట్టీ బిగించే యంత్రం వచ్చాక ఆ సెక్షనులో సగం మందిని ఇంటికి పంపారు. ఆ సగంలో ఈవిడ ఉంది. చివరి రోజు గేటు దాటుతుంటే వెనక ఆవరణలో పాలెట్లు గుట్టగా పోసి తగలబెడుతున్నారట. పద్నాలుగేళ్ళు వాటి మీద బరువులు ఎత్తి పెట్టిన మనిషికి అవి ఎంత మోస్తాయో తెలుసు. వాచ్‌మన్‌ని అడిగి రెండు ఇంటికి తెచ్చుకుంది.

మొదట చేసింది ఒక అర. గోడకి కొడితే ఒక వైపు వాలింది. తర్వాత చేసింది కుర్చీ. డ్రైవరుగారు డ్యూటీ నుంచి వచ్చి, భార్య ముచ్చట తీర్చాలని ఠీవిగా కూర్చున్నాడు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే కిందికి దిగిపోయాడు. లేచి వెనక దులుపుకుని, కుర్చీ బాగుంది, మన ఇంటి నేల కూడా గట్టిగానే ఉంది అన్నాడట. ఆవిడ నవ్వలేదు. ఆ ముక్కలన్నీ ఏరి బల్ల మీద పరిచి, ఎక్కడ విరిగిందో చూసింది. మేకుల మీద నిలబెట్టిన కుర్చీ మేకుల దగ్గరే విరిగింది. అక్కడి నుంచి కీలుకి మేకు కొట్టడం మానేసింది. బెజ్జం కొట్టి, దానికి సరిపడా చెక్క నాలుక చెక్కి దించడం నేర్చుకుంది. ఎవరు నేర్పారంటే, పాత సామాన్ల కొట్టులో పారేసిన కుర్చీలు నేర్పాయి. వాటిని విప్పి చూసేది, మళ్ళీ బిగించేది.

పాత స్పీకరు లోపలి అయస్కాంతం ఒకటి దారానికి కట్టుకుంది. చిత్రిక పట్టే ముందు ప్రతి పలక మీదా దాన్ని తిప్పేది. లోపల మేకు ముక్క మిగిలి ఉంటే చిత్రిక అలుగు పదును పోతుంది. మేకు తీసిన చోట చుట్టూ నల్లటి మరక పడి బెజ్జం మిగులుతుంది. ఆ బెజ్జాలను లప్పం పెట్టి కప్పేది కాదు. గుండ్రటి చెక్క బిరడా దిగ్గొట్టి, నున్నగా రుద్ది, మరకని మరకలాగే వదిలేసేది. కొనేవాళ్ళు అదేమిటని అడిగితే, అది దాని చిరునామా అనేది.

ఇంకొక నియమం ఉండేది. విప్పడానికి ముందు పాలెట్ మూల దిమ్మల మీద ముద్ర చూసేది. దేశం దాటే ప్రతి పాలెట్‌కీ ఆ ముద్ర ఉంటుంది. హెచ్.టి. అని ఉంటే పురుగు చావడానికి చెక్కని వేడి చేశారని. ఎం.బి. అని ఉంటే పురుగుమందు గ్యాసు పట్టించారని. ప్యాకింగులో పని చేసినవాళ్ళకి ఇది అ ఆల కింద లెక్క. ఎం.బి. పాలెట్ ఎంత నాణ్యమైన చెక్కదైనా, ఊరికే ఇచ్చినా, ముట్టుకునేది కాదు.

ఇక షెడ్డు సంగతి. అది ఆవిడ భర్త అన్నగారిది. బావగారు టేకు మనిషి. మంచాలు, సోఫాలు చేయించి అమ్ముతాడు, మా వీధి మొత్తానికి పెద్ద తలకాయ. ఆయన పాత కలప షెడ్డు ఖాళీగా పడుంటే తమ్ముడు అడిగాడని వాడుకోనిచ్చాడు. ఇచ్చాడేగానీ మింగుడుపడలేదు. మరదలు చెత్త ఏరుకొచ్చి కుర్చీలు చేస్తోందని నలుగురూ నవ్వుతున్నారని ఆయన బాధ. ఒకరోజు నా షాపు ముందే నిలబడి, ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట, అట్టపెట్టెలు కట్టిన చేతులు సామాను చేస్తాయట అన్నాడు. టేకు ఏనుగులాంటిది, చచ్చినా వెయ్యే బతికినా వెయ్యే, ఇదేమిటి, బతికుండగానే ఎవడికీ పట్టనిది అన్నాడు. ఆవిడ చిత్రిక ఆపకుండా, ఏనుగుని ఇంట్లో పెట్టుకోలేనివాళ్ళు కూడా కూర్చోవాలి కదా బావగారూ అంది.

పక్క వీధి బడి నుంచి పెద్ద టీచరు వచ్చి ముప్పై బల్లలు కావాలని అడిగిన రోజు ఈ గొడవ ఒక కొలిక్కి వచ్చింది. ఒకటి, రెండు తరగతుల పిల్లలకి, నలుగురేసి కూర్చునేట్టు, పొట్టి బల్లలు. బడి తెరవడానికి నలభై రోజులుంది. షెడ్డు కావాలని టైర్ల వ్యాపారి ఒకడు అప్పటికే బావగారి చుట్టూ తిరుగుతున్నాడు. బావగారు తమ్ముణ్ణీ మరదల్నీ కూర్చోబెట్టి సూటిగా చెప్పేశాడు. బడి తెరిచే రోజుకి ముప్పై బల్లలూ చేరితే షెడ్డు ఆవిడది, ఇక దాని ఊసెత్తడు. ఒక్కటి తగ్గినా షెడ్డు టైర్లవాడిది, ఆవిడకి మళ్ళీ ప్యాకింగు పని తనే మాట్లాడి పెట్టిస్తాడు. డ్రైవరుగారు ఏదో అనబోయాడట. ఆవిడే ఆపి, సరే అంది.

మొదటి ఇరవై రోజుల్లో పదకొండు బల్లలయ్యాయి. పని చేయడం కన్నా పాలెట్లు విప్పడానికే ఎక్కువ పొద్దు పట్టేది. లెక్క చూసుకుంటే ఇలాగైతే ముప్పై కావని తేలింది. అప్పుడు ఆవిడ పాలెట్లు తెచ్చుకునే గోదాము వాచ్‌మన్ ఒక మాట చెప్పాడు. ముసలాయన, ఈవిడంటే అభిమానం. ఆవరణ శుభ్రం చేయడానికి కూలీలొచ్చారమ్మా, వాళ్ళ చేత పాలెట్లు విప్పించి, మంచి పలకలన్నీ ఏరి కట్టలు కట్టిస్తాను, బండి పంపించు అన్నాడు. పంపింది. రెండు బళ్ళ పలకలొచ్చాయి, శుభ్రంగా, ఒకే పొడుగున. షెడ్డులో దించుతుంటే ఆవిడ మొహం వెలిగిపోవడం నేను చూశాను. తర్వాతి పదమూడు రోజుల్లో పంతొమ్మిది బల్లలు చేసింది. నేనూ ఖాళీ ఉన్నప్పుడల్లా వెళ్ళి మూలలు రుద్ది పెట్టేవాణ్ణి. ముప్పయ్యో బల్ల నిలబెట్టిన రోజు డ్రైవరుగారు దాని మీదెక్కి నిలబడి, ఈసారి నేల తగల్లేదే అన్నాడు.

ఇంకా వారం మిగిలింది. వాచ్‌మన్‌కి ఒక పీట చేసి పట్టుకెళ్ళింది, కృతజ్ఞతగా. నన్నూ రమ్మంది, నా బండి మీద తీసుకెళ్ళాను.

గేటు పక్కన వాచ్‌మన్ కట్టుకున్న చిన్న గది ముందు, చెక్క దిమ్మలు వరసగా పేర్చి ఉన్నాయి. పాలెట్లు విప్పగా మిగిలిన దిమ్మలు. పొయ్యిలోకి పనికొస్తాయని దాచుకున్నానన్నాడు. ఆవిడ పీట చేతిలో పట్టుకునే అలా నిలబడిపోయింది. తర్వాత పీట కింద పెట్టి, దిమ్మలను ఒక్కొక్కటే తిప్పి చూడటం మొదలుపెట్టింది. హెచ్.టి. హెచ్.టి. హెచ్.టి. ఎనిమిదోది తిప్పి, దాన్ని విడిగా పెట్టింది. ఇంకో నాలుగు తిప్పాక మరొకటి. మొత్తం తిప్పేసరికి విడిగా పెట్టినవి పదకొండు తేలాయి. అన్నిటి మీదా ఎం.బి.

అప్పటికి నాకు అర్థమైంది. ముద్ర ఉండేది దిమ్మల మీద. పలకల మీద ఉండదు. దిమ్మల్లేకుండా పలకలొచ్చినప్పుడు అవి ఏ పాలెట్‌వో చెప్పే నాథుడు లేడు. ఇన్నేళ్ళుగా ముద్ర చూడకుండా పాలెట్ విప్పని మనిషి, తొందరలో, విప్పేసిన పలకలు తీసుకుంది.

వాచ్‌మన్ బెంబేలు పడ్డాడు, నా వల్లే తప్పు జరిగిందా అమ్మా అని. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని, నీది కాదు తాతా, నాది అంది. ఈ పదకొండూ పొయ్యిలో పెట్టకు, ఆ పొగ మంచిది కాదు అని రెండుసార్లు చెప్పి, అందులో రెండు సంచిలో వేసుకుని బండెక్కింది.

షెడ్డుకొచ్చాక పంతొమ్మిది బల్లల చుట్టూ తిరిగింది. వాసన చూసింది. వెలుతురుకి పెట్టి చూసింది. ఆ మందుకి రంగూ ఉండదు, వాసనా మిగలదు. పలకలన్నీ ఒకే వెడల్పుకి చిత్రిక పట్టేసి కలగలిపేసింది. ఒక బల్లలో నాలుగు పలకలుంటే వాటిలో ఏది ఏ పాలెట్‌దో ఎవరూ చెప్పలేరు. మొదటి పదకొండు మాత్రం తను స్వయంగా విప్పిన చెక్క. అవి గోడవార వేరే ఉన్నాయి.

సాయంత్రానికి కబురు బావగారి దాకా వెళ్ళింది. వచ్చాడు. కోపంగా రాలేదు, అది చెప్పాలి. స్టూలు లాక్కుని కూర్చుని, పెద్దమనిషిలాగే మాట్లాడాడు. ఆ చెక్కతో జనం ఇళ్ళల్లో మంచాలే చేసుకుంటున్నారు, ఎవరూ చావలేదన్నాడు. అన్నీ మందు పట్టించినవి కూడా కావు కదా, ఏ నాలుగో అయిదో అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"రంగు వేసెయ్యమ్మా. ముదురు రంగు రెండు పూతలు వేస్తే లోపలేముందో ఎవరు చూడొచ్చారు?"

"నేను చూశాను కదా బావగారూ."

"చూశావు సరే. నువ్వు చెప్పకపోతే ఇంకెవరికీ తెలీదంటున్నాను. నీ మంచికే చెప్తున్నా. బడి తెరిచేనాటికి ముప్పై లేకపోతే నా మాట నేను వెనక్కి తీసుకోను."

"తీసుకోవద్దు. నేనూ తీసుకోను."

ఆయన లేచి వెళ్ళిపోయాడు. ఆవిడ రెండు వేళ్ళ పలుగు తీసుకుని మొదటి బల్ల విప్పడం మొదలుపెట్టింది. నాకు మనసొప్పక, ముందు టీచరుని అడిగి చూద్దాం, ఆవిడ ఫరవాలేదంటే ఊరికే విప్పుకున్నట్టవుతుంది కదా అక్కా అన్నాను. ఆవిడ నా వంక చూసి, టీచరుకి చెప్పడానికి వెళ్దాం, అడగడానికి కాదు అంది.

మర్నాడు పొద్దున్నే బడికెళ్ళాం. తరగతి గదులకి సున్నం వేస్తున్నారు. పెద్ద టీచరు మెట్ల మీద నిలబడి పనివాళ్ళ మీద కేకలేస్తోంది. మేకులమ్మ సంచిలోంచి రెండు దిమ్మలూ తీసి మెట్టు మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పింది. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పింది, ఎవరిదో చెప్పింది. సాకు ఒక్కటీ చెప్పలేదు.

టీచరు మొహం ఎర్రబడింది. కమిటీవాళ్ళు షోరూములో ప్లాస్టిక్ కుర్చీలు కొనేద్దామంటే, పోట్లాడి మరీ ఈ పని ఆవిడకి ఇప్పించానంది. ఇప్పుడు వాళ్ళ ముందు మొహం ఎలా చూపించాలని అడిగింది. టీచరు దిమ్మని కాలితో కొంచెం జరిపి చూసింది.

"రంగు వేస్తే ఆగదా?"

"ఆగుతుందో లేదో నాకు తెలీదమ్మా. తెలీనిదాన్ని పిల్లల ముందు పెట్టలేను."

ఒకటో తరగతి పిల్లలు బల్ల అంచులు కొరుకుతారు, పెన్సిలు తిన్నట్టే బల్లనీ తింటారు అంది టీచరు. ఎన్ని మంచివున్నాయని అడిగింది. పదకొండు. వారంలో ఇంకెన్ని అవుతాయి? నాలుగు, అంతకన్నా ఒక్కటి కూడా ఎక్కువ చెప్పలేనంది మేకులమ్మ. అయితే పదిహేనూ ఒకటో తరగతికి. రెండో తరగతివాళ్ళు నేల మీద కూర్చుంటారు. మిగతా పదిహేను నెల రోజుల్లో రావాలి, రాకపోతే ప్లాస్టిక్కే. ముందు ముందు పని ఇస్తానని మాత్రం ఇప్పుడు మాటివ్వలేనంది.

"అది మీ ఇష్టం," అని మేకులమ్మ దిమ్మలు సంచిలో వేసుకుంది.

ఆ వారం పంతొమ్మిది బల్లలూ విప్పేసింది. కట్టడం కన్నా విప్పడమే బాధ. కీళ్ళు గట్టిగా కుదిరాయి, తన పనితనమే తనకి అడ్డొచ్చింది. కొన్ని విడిపోక రంపంతో కోయాల్సొచ్చింది. కోసేటప్పుడు నేను చూడలేక నా షాపులోకి వెళ్ళిపోయేవాణ్ణి. ఆవిడ కళ్ళు తడి అవడం మాత్రం నేను చూడలేదు. ఒకసారి మాత్రం ఒక కాలిని చేతిలో తిప్పి చూస్తూ, ఎంత బాగా దిగిందో చూడు తమ్ముడూ, ఇంత బాగా ఎప్పుడూ దిగలేదు అంది. అని, పక్కన పడేసింది. ఆ చెక్కంతా నేను తీసుకుని నా షాపు వెనక ఇనపముక్కలు పెట్టుకునే అరలు చేసుకున్నాను. కొత్త పాలెట్లు తనే వెళ్ళి, దిమ్మలు తిప్పి చూసి తెచ్చుకుంది. నాలుగు బల్లలు చేస్తానంది, నాలుగే చేసింది.

బడి తెరిచిన రోజు పొద్దున నా ట్రాలీలోనే పదిహేను బల్లలూ దించి వచ్చాం. తిరిగొచ్చేసరికి షెడ్డు ముందు బావగారు నిలబడి ఉన్నాడు. టైర్లవాడు లోపల టేపు పెట్టి గోడ కొలుస్తున్నాడు. బావగారికి లెక్క తెలిసే ఉంటుంది, అయినా అడిగాడు, ఎన్ని అని. పదిహేను అని చెప్పింది. మరైతే, అన్నాడు. అని, ప్యాకింగు కంపెనీ మేనేజరుతో మాట్లాడాను, సోమవారం నుంచి రమ్మన్నాడు, పాత జీతం కన్నా కాస్త ఎక్కువే అన్నాడు. నిజంగానే మాట్లాడాడు. మాటంటే మాటే ఆయనకి.

"షెడ్డు మీది బావగారూ, అందులో తిరుగులేదు," అంది ఆవిడ. "పని బల్ల నాది. అది మాత్రం పట్టుకెళ్తాను."

"ఎక్కడికి?"

ఆవిడ నా వైపు చూసింది. నా షాపుకీ పక్క గోడకీ మధ్య ఒక సందుంది, మూడు సైకిళ్ళు పట్టేంత. అందులో పాత సిలిండర్లు పెట్టేవాణ్ణి. నేను వెళ్ళి సిలిండర్లు తీయడం మొదలుపెట్టాను.

అదే సమయానికి డ్రైవరుగారు డ్యూటీ దిగి వచ్చాడు. అన్ననీ చూశాడు, టేపునీ చూశాడు, భార్యనీ చూశాడు. టోపీ తీసి నా చేతికిచ్చి, పని బల్ల ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస ఆవిడ పట్టుకుంది. ఆ పని బల్లని పాలెట్ల అడుగు దూలాలు ఒకదాని పక్కన ఒకటి బిగించి చేసింది, నలుగురు మొయ్యాల్సిన బరువు. ఇద్దరూ దాన్ని వీధిలోకి తెచ్చారు. అటూ ఇటూ షాపుల్లో పనివాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చారు. బావగారి దగ్గర పాలిష్ పెట్టేవాడు, ఎప్పుడూ ఆవిడని ఆట పట్టించేవాడే, చేతిలో గుడ్డతో గుమ్మంలో నిలబడి, ఏం మేకులమ్మా, ఊరేగింపా అన్నాడు.

"ఊరేగింపే. మొయ్యడానికి మనుషులు చాల్లేదు. ఆ గుడ్డ అవతల పడేసి ఈ మూల పట్టుకో."

వాడు యజమాని వైపు చూశాడు. బావగారు ఔననలేదు, కాదనలేదు. వాడు గుడ్డ భుజాన వేసుకుని వచ్చి మూల పట్టుకున్నాడు. నేను నాలుగో మూల పట్టుకున్నాను. సందులో దించేసరికి అందరికీ నడుములు పట్టేశాయి. బల్ల మూరెడు బయటికే ఉంది, వీధిలోకి. పైన నేను రెండు కడ్డీలు నిలబెట్టి ఒక టార్పాలిన్ కట్టాను. అది చిన్నది, బల్ల వెనక సగం వరకే వచ్చింది, ముందు సగానికి ఆకాశమే కప్పు. ఆవిడ పలుగు, రంపం, చిత్రిక, అయస్కాంతం వరసగా పెట్టుకుని, ఒక పాలెట్ నిలబెట్టి దిమ్మలు చూడటం మొదలుపెట్టింది.

టైర్లవాడు వెళ్ళిపోయాడు. బావగారు మాత్రం వీధికి అవతలివైపు చాలాసేపు నిలబడ్డాడు. మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టింది. ఆయన వీధి దాటి వచ్చి, టార్పాలిన్ వంకా, బయటికున్న బల్ల వంకా చూశాడు. ఆయన గొంతులో వెక్కిరింత లేదు.

"వానొస్తే ఏం చేస్తావమ్మా?"

ఆవిడ పలక కింద పలుగు దూర్చి, రెండు చేతులతో పిడి నొక్కింది. పలక రెండు పక్కలా ఒకేసారి లేచింది, ఎక్కడా చీలలేదు.

"చెక్క లోపలికి జరుపుతాను బావగారూ. నేను తడుస్తాను," అని రెండో పలకకి వెళ్ళింది.